ఆరో మంచం పక్కన స్టూలు

ఊపిరితిత్తుల వార్డు పెద్ద సిస్టర్‌కి కోపం ముక్కు మీదే ఉండేది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కలిపి పద్నాలుగు మంచాలున్న ఆ పొడవాటి గదిలోకి పొద్దున్న ఏడింటికి అడుగు పెట్టిందంటే, మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగేదాకా ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. ఒక మంచం దగ్గర జ్వరం చూస్తూ, పక్క మంచం మనిషిని కేకలేస్తూ, ఆ పక్క మంచం దుప్పటి సర్దుతూ తిరుగుతుండేది. అందుకే రోగులు చాటుగా ఆమెకి గిరగిర సిస్టర్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు, పడనట్టే ఊరుకుంది. కానీ మాత్రలు మింగకుండా దిండు కింద దాచినవాళ్ళకీ, స్నానాల గదిలో సిగరెట్టు వెలిగించినవాళ్ళకీ ఆమె చేతిలో మూడినట్టే. వార్డు ఈ చివర అందుకున్న తిట్లు ఆ చివర కిటికీ దాకా వినపడేవి.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమెకి ఒక్క విషయంలో గర్వం ఉండేది. తన మొహం చూసి ఏ రోగీ ఏమీ కనిపెట్టలేడని. రిపోర్టులు ముందు ఆమె చేతికే వచ్చేవి, చెప్పాల్సింది మాత్రం డాక్టరు. ఆ మధ్యలో ఉండే గంటో రెండు గంటలో, అంత బరువునీ కడుపులో పెట్టుకుని, మొహం మీద గీత కూడా కదలనివ్వకుండా తిరగడం తనకే చెల్లిందని ఆమె నమ్మకం. పాపం, ఆ నమ్మకం ఎంత వట్టిదో ఆమెకి చెప్పినవాళ్ళు లేరు.

ఆ నెలలో ఆసుపత్రి పెద్దలకి ఉన్నట్టుండి ఒక బుద్ధి పుట్టింది. రోగులతో సిబ్బంది మెలిగే తీరు బాగాలేదని ఫిర్యాదులు ఎక్కువయ్యాయట. శిక్షణ ఇవ్వడానికి ఒక మేడమ్‌ని పంపించారు. మనిషి మంచిదే. మెత్తటి మాట, మెత్తటి చెప్పులు, చంకలో ఒక ఫైలు. నాలుగు రోజులు మధ్యాహ్నం పూట పాఠం చెప్పింది.

"మనం నోటితో చెప్పేది కొంచెమేనమ్మా. మిగతాదంతా మన ఒళ్ళే చెప్తుంది. మనిషి మంచంలో పడుకుని ఉంటే, మీరు నెత్తి మీద నిలబడి మాట్లాడితే భయపడతాడు. ఏదో ఒకటి లాక్కుని కూర్చోండి. కళ్ళలోకి చూడండి. కొంచెం ముందుకు వంగండి. చేతి మీద చెయ్యి వెయ్యండి. మీరు తక్కువ మాట్లాడి, ఆయన్ని మాట్లాడనివ్వండి."

వీటన్నింటికీ మార్కులు ఉన్నాయి, మొత్తం పది.

పెద్ద సిస్టర్ వెనక వరసలో కూర్చుని పళ్ళు నూరుకుంది. పద్నాలుగు మంచాలకి ఇద్దరు నర్సులు. వాళ్ళు కూడా కూర్చుంటే మాత్రలు ఎవరిస్తారు, ఆక్సిజన్ సిలిండరు ఎవరు మారుస్తారు? అయినా, పదికి ఏడు రాకపోతే మళ్ళీ నాలుగు రోజులు ఇదే పాఠం వినాలన్నారు. ఆ మాటతో ఆమె దిగొచ్చింది.

పరీక్ష మంగళవారం పదకొండింటికి. మేడమ్ ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఏ రోగితో మాట్లాడాలన్నది సిస్టర్ ఇష్టం. ఆమె వార్డంతా ఒకసారి కలయజూసి ఆరో మంచాన్ని ఎంచుకుంది.

ఆరో మంచం దర్జీది. నలభై దాటని మనిషి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి మూడు వారాల కిందట వచ్చాడు. రెండుసార్లు నీరు తీశారు. లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరో కాదో ఆ కాగితం వస్తేగానీ తెలియదు. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు. పైగా ఆ రోజుకి అతని గురించి ఆమెకి మంచీ చెడూ ఏదీ తెలియదు. దాచుకోవాల్సింది ఏమీ లేనివాడి దగ్గరైతే పరీక్ష తేలిగ్గా గట్టెక్కుతుందని ఆమె అనుకుంది.

గోడవార ఉన్న ఇనప స్టూలుని లాగింది. గచ్చు మీద అది కీచుమని అరిచింది. వార్డులో మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మేడమ్ ఉందని అందరూ బుద్ధిగా ఉన్నారు కాబోలు అనుకుంది సిస్టర్. దర్జీ అప్పటిదాకా దుప్పటికి ఊడిపోయిన అంచుని సూదీ దారంతో కుట్టుకుంటున్నాడు. అతని చేతిలో సూది ఆగిపోయింది.

ఆమె కూర్చుంది. ముందుకు వంగింది. అతని చేతి మీద చెయ్యి వేసింది.

"ఎలా ఉన్నారండీ?" అంది.

మూడు వారాలుగా "ఏమయ్యా దర్జీ" అనే పిలుపు తప్ప మరొకటి ఎరగనివాడు ఆ "అండీ"కి బిత్తరపోయాడు.

"బాగానే ఉన్నాను సిస్టర్."

"ఇంటి దగ్గర ఎవరెవరు ఉన్నారు?"

"మా ఆవిడ. పాప. ఎనిమిదేళ్ళు దానికి." సూదిని దుప్పటికి గుచ్చి పెట్టాడు. "కాగితం వచ్చిందా సిస్టర్?"

"ఇంకా రాలేదండీ."

నిజమే చెప్పింది. కానీ మెత్తగా చెప్పింది, చెయ్యి తియ్యకుండా చెప్పింది. దర్జీ ఆమె మొహం వంక చూడనే లేదు. తన చేతి మీదున్న చెయ్యిని చూశాడు, తర్వాత స్టూలు కాళ్ళని చూశాడు.

"అంటే... ఇక అంతేనా?"

ఉత్తుత్తి ధైర్యాలు చెప్పొద్దని, ఎదుటివాళ్ళ మనసులో మాట వాళ్ళ నోటితోనే చెప్పించమని మేడమ్ పాఠం. దానికి రెండు మార్కులు.

"మీకు ఏమనిపిస్తోందో చెప్పండి," అంది సిస్టర్.

దర్జీ కిటికీ వైపు చూశాడు. ఆఖరికి తలూపాడు.

"సరే సిస్టర్. మీరు వచ్చి కూర్చున్నారు, అదే పదివేలు."

మేడమ్ పదికి తొమ్మిది వేసింది. ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నందుకు ఒకటి కోసింది.

బుధవారం పొద్దున్న ఆమె వచ్చేసరికి ఆరో మంచం ఖాళీగా ఉంది. ఆసుపత్రి బట్టలు మడిచి దిండు మీద పెట్టి ఉన్నాయి. దుప్పటి నాలుగు మడతలు వేసి ఉంది. దాని అంచు ఈ కొస నుంచి ఆ కొసదాకా కుట్టడం పూర్తయింది. స్నానానికి వెళ్ళాడనుకున్నానని డ్యూటీ దిగుతున్న నర్సు నసిగింది. పెద్ద సిస్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నర్సుని, వాచ్‌మన్‌ని, ఆఖరికి తలుపు గొళ్ళేన్ని కూడా తిట్టింది.

పదింటికి కాగితం వచ్చింది. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. క్యాన్సర్ కాదు, క్షయ. ఆరు నెలలు వదలకుండా మాత్రలు మింగితే పోయే జబ్బు. వదిలేస్తే మాత్రం నీరు మళ్ళీ చేరుతుంది, ఊపిరాడదు, మనిషి దక్కడు.

"అదృష్టవంతుడు," అన్నాడు డాక్టరు కాగితం చూసి. "ఇవాళే మందు మొదలుపెడదాం. ఏడీ మనిషి?"

కేసు షీటులో ఉన్న నంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మంచి కబురు చేతిలో ఉంది, అందుకునేవాడు లేడు. ఆమె మాత్రల ట్రే చప్పుడయ్యేలా బల్ల మీద పడేసింది.

"చెప్పకుండా పారిపోవడానికి ఇదేమన్నా బస్టాండా!"

"ఊరికే అరవకండి సిస్టరమ్మా," అంది మూడో మంచం మీద కండక్టరమ్మ. "అతన్ని పంపించేసింది మీరేగా."

కండక్టరమ్మ ముప్ఫై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరయిన మనిషి. రెండు నెలలుగా దగ్గు ఆమెని సగం చేసింది గానీ గొంతుని మాత్రం ఏమీ చెయ్యలేకపోయింది. ఆమెకీ ముక్క తీసి పంపారు. ఆమె కాగితం మర్నాడు రావాలి.

"నేనా? నేనేం చేశాను?"

"స్టూలు వేశారుగా."

"స్టూలు వేస్తే?"

కండక్టరమ్మ దిండుకి ఆనుకుని కాస్త లేచింది. సిస్టర్ మొహాన్ని పరిశీలనగా చూసింది.

"మీకు నిజంగా తెలియదా ఏంటి? పోయిన నెల తొమ్మిదో మంచం ముసలాయన పక్కన వేశారు. వారం తిరగలేదు. తర్వాత నాలుగో మంచం టీచరు పక్కన. మొన్నటికి మొన్న పన్నెండో మంచం లారీ డ్రైవరు పక్కన. ఇవి నేను కళ్ళారా చూసినవి. నేను వచ్చిన మొదటిరోజే పక్క మంచం ఆవిడ నా చెవిలో వేసింది. ఆవిడకి అంతకు ముందున్నవాళ్ళెవరో చెప్పారట. గిరగిర సిస్టర్ తిట్టిందంటే నువ్వు బతికినట్టే, స్టూలు లాక్కుని అండీ అందంటే ఇంటికి కబురు పెట్టుకో అని. తర్వాత డాక్టరు గారు వచ్చి చెప్పేది మాకు పాత కబురే సిస్టరమ్మా."

సిస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. కాదనడానికి వీల్లేదు. ఎందుకంటే అది నిజం. చెడ్డ కాగితం చేతికొచ్చిన రోజున ఆమె మోకాళ్ళలో బలం పోయేది. డాక్టరు వచ్చేదాకా ఆ మనిషిని ఒంటరిగా వదిలెయ్యడానికి మనసొప్పేది కాదు. అందుకని కాసేపు పక్కన కూర్చునేది. వాతావరణం గురించో, పిల్లల చదువుల గురించో అడిగేది. తోడుగా ఉంటున్నానని అనుకుంది. కానీ ఇరవై రెండేళ్ళూ మొహాన్ని కట్టుదిట్టం చేసుకుని కాళ్ళని గాలికొదిలేసిందన్నమాట. ఎంతమందికి, ఎన్ని మంచాల దగ్గర, నోరు విప్పకుండానే ఆ మాట చెప్పేసిందో! సిగ్గుతో ఆమెకి చెవులు కాలిపోయాయి.

"ఇన్నేళ్ళలో ఒక్కరూ నాతో అనలేదే," అంది.

"అంటే మానేస్తారుగా. మీరు మానేస్తే ఎలా? డాక్టరు గారు వచ్చి చెప్పి పోతారు, ఆయనకి వంద పనులు. అంతకు ముందు మీరు కూర్చునే ఆ గంటలోనే మేం గుండె రాయి చేసుకునేది." కండక్టరమ్మ దగ్గి, నీళ్ళు తాగింది. "నన్నడిగి ఏం లాభం? వెళ్ళి అతన్ని తెచ్చుకోండి."

రెండింటికి డ్యూటీ దిగి, కాగితం సంచీలో పెట్టుకుని, రెండు బస్సులు మారి ఆమె కేసు షీటులో ఉన్న దర్జీ ఇంటి వీధికి చేరింది. ఇరుకు వీధి. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. కుట్టుమిషన్ చప్పుడు వీధి మొదట్లోకే వినపడింది. మధ్యమధ్య ఆగుతోంది. ఆగినప్పుడల్లా దగ్గు.

దర్జీ భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"అయ్యో, సిస్టర్ గారా! రండి రండి. పొద్దున్నే డిశ్చార్జ్ చేశారని వచ్చేశారు. మీరంతా ఎంత బాగా చూసుకున్నారో చెప్తున్నారు. ఏవండీ, ఎవరొచ్చారో చూడండి!"

సిస్టర్ సంచీలో పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈమెకి ఏమీ తెలియదు.

దర్జీ మిషన్ దగ్గర నుంచి లేవలేదు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. అతని నెత్తి మీద, గోడ నుంచి గోడకి కట్టిన తాడు మీద ఐదు గౌన్లు వేలాడుతున్నాయి. అన్నీ ఒకే నీలం పూల గుడ్డ. ఒకదాని కంటే ఒకటి రెండు వేళ్ళు పొడుగు.

"చూడండి ఈయన పని," అంది భార్య నవ్వుతూ. "వచ్చినప్పటి నుంచీ తిండి లేదు, కాసేపు నడుం వాల్చింది లేదు. పాపకి ఒక గౌను చాలండీ అంటే ఐదు కుట్టారు. ఆ చివరిది దానికి ఎప్పటికి సరిపోను? గుడ్డ మిగిలిందంటారు."

సిస్టర్ తాడు వైపు చూసింది. తొమ్మిదేళ్ళకొకటి, పదేళ్ళకొకటి, పదకొండు, పన్నెండు, పదమూడు. ఆరోది మిషన్ మీద ఉంది. నేను చేసిన పని ఇది అనుకుంది.

"కూర్చోండి సిస్టర్," అంటూ భార్య లోపల నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

మిషన్ మీద దర్జీ పాదం ఆగింది. అతను ఆ కుర్చీ వైపే చూస్తున్నాడు.

సిస్టర్‌కి మోకాళ్ళు లాగేస్తున్నాయి. రెండు బస్సుల్లోనూ నిలబడే వచ్చింది.

"కూర్చోను," అంది.

"ఒక్క నిమిషం కూర్చోండి, టీ పెడతాను..."

"కూర్చోనన్నానా!"

భార్య మొహం చిన్నబోయింది. సిస్టర్ కాగితం తీసి దర్జీ ముందు పెట్టింది. "రిపోర్టు వచ్చింది. క్షయ. ఆరు నెలల మాత్రలు. తగ్గిపోతుంది."

దర్జీ నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఎరిగినదే. చుట్టాలు చెప్పే ధైర్యాలకి రోగులు మర్యాదగా నవ్వే నవ్వు.

"మంచిది సిస్టర్. ఇంత దూరం వచ్చి చెప్పారు, మీది పెద్ద మనసు. ఆ కాగితంలో ఏముందో నాకేం అర్థమవుతుంది? మీరు మాత్రం బాధపడకండి."

తననే ఓదార్చాడు! ఆ ముక్కకి ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చింది. అది నటన కాదు. పొద్దున్నించీ దిగమింగుకున్నది ఒక్కసారి పైకొచ్చింది.

"ఏమయ్యా దర్జీ! బుద్ధుందా నీకు? చెప్పాపెట్టకుండా లేచొస్తావా? నీ మంచం నీ సొంతమనుకున్నావా, ఇష్టం వచ్చినప్పుడు పడుకోడానికి, వద్దనుకున్నప్పుడు దులిపేసి పోడానికి? నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తవేం, చేతులు పడిపోయాయా? ఒంట్లో నీరు పెట్టుకుని మిషన్ తొక్కుతావా? పెళ్ళానికి అబద్ధాలు చెప్తావా? డిశ్చార్జట, డిశ్చార్జ్! సంతకం ఎవడు పెట్టాడు, నువ్వా? రేపు ఏడింటికి నువ్వు ఆ మంచం మీద కనపడకపోతే చూడు, జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్తాను! ఒక్క పూట మాత్ర మానేశావంటే వార్డు వార్డంతా వినేలా కడిగేస్తాను!"

ఎదురింటివాళ్ళు కిటికీ తీశారు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. దర్జీ మాత్రం కదలకుండా విన్నాడు. ఆమె పాదాల వంక చూశాడు. గచ్చు మీద గట్టిగా ఆనించి, ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాయి. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

"సిస్టర్," అన్నాడు. "ఇంకోసారి తిట్టండి."

"ఏడిశావులే. లే ముందు. ఆ మిషన్ మీద నుంచి లే."

అతను లేవలేకపోయాడు. చేతిలో ఉన్న గౌనుని మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య ఒకసారి అతన్ని, ఒకసారి తాడు మీది గౌన్లని చూసింది. ఒక్కొక్కటే లెక్కపెట్టింది. అప్పుడు అర్థమయింది ఆమెకి. కింద కూలబడిపోయింది. తర్వాత లేచి, సిస్టర్ వదిలేసిన చోట నుంచి తిట్లు తను అందుకుంది.

తిరుగు బస్సులో సిస్టర్‌కి సీటు దొరికింది. ఒక మనిషి దక్కాడన్న సంతోషం రెండు స్టాపుల దాకా ఉంది. ఆ తర్వాత తొమ్మిదో మంచం, నాలుగో మంచం, పన్నెండో మంచం వరసగా గుర్తొచ్చాయి. ఇక జన్మలో ఆ స్టూలు ముట్టుకోనని గట్టిగా అనుకుంది.

గురువారం ఏడింటికి దర్జీ ఆరో మంచం మీద ఉన్నాడు. మొదటి మాత్ర ఆమె ఎదురుగానే మింగాడు. తొమ్మిదిన్నరకి మూడో మంచం కాగితం వచ్చింది.

ఆమె చదివి, మడిచి, జేబులో పెట్టుకుంది. డాక్టరు ఆపరేషన్ గదిలో ఉన్నాడు. పదకొండింటికి గానీ రాడు. గోడవార స్టూలు ఉంది. ఆమె దాని వైపు చూడకుండా, చరచరా నడిచి మూడో మంచం దగ్గరికి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం కండక్టరమ్మా! పాలు అలాగే ఉన్నాయేం? తాగమని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? చిన్నపిల్లా మీరు? ఇలాగైతే కుదరదు, చెప్తున్నా!"

గొంతు వార్డు ఆ చివరిదాకా వినపడింది. చేతులు మాత్రం, ముడత కూడా లేని దుప్పటిని మళ్ళీ మళ్ళీ సర్దుతున్నాయి.

కండక్టరమ్మ అంతా విన్నది.

"అయిందా?" అంది.

సిస్టర్ దుప్పటిని ఇంకోసారి సర్దింది.

"ముప్ఫై ఏళ్ళు రోజుకి వెయ్యి మందిని తిట్టినదాన్ని సిస్టరమ్మా. నా దగ్గరా మీ దొంగ తిట్లు?" ఆమె నవ్వబోయింది, దగ్గొచ్చింది. తగ్గేదాకా ఆగింది. "వెళ్ళి స్టూలు తెచ్చుకోండి. కాళ్ళు వణుకుతున్నాయి మీకు."

"డాక్టరు గారు పదకొండింటికి వస్తారు. ఆయనే..."

"వస్తారు లెండి. అందాకా కూర్చోండి. ఆ గంటన్నరా నాది. అది కూడా లాక్కుంటారా?"

సిస్టర్ వెళ్ళింది. గచ్చు మీద చప్పుడు కాకుండా స్టూలుని రెండు చేతులతో ఎత్తి తెచ్చింది. అయినా వార్డులో మాటలు ఆగిపోయాయి. ఆరో మంచం మీద దర్జీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరమ్మే చెయ్యి చాపి ఆమె చేతి మీద వేసింది.

"ఇప్పుడు చెప్పండి," అంది. "ఎలా ఉన్నారండీ?"

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పెద్ద సిస్టర్ వార్డులో, అందరి ముందూ ఏడ్చింది.